తేదీ వెయ్యండి

మిరప కల్లం మీద రాతిదుమ్ము పడితే ఎలా ఉంటుందో గుంటూరు, పల్నాడు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎర్రటి కాయ మీద బియ్యప్పిండి జల్లినట్టుంటుంది. దులిపితే సగమే పోతుంది, తడిపితే కాయే పోతుంది. యార్డులో బేరగాడు గుప్పెడు కాయలు తీసి అరచేతిలో నలిపి, ఆ అరచెయ్యి మనకే చూపించి రేటు చెబుతాడు. మనం మాట్లాడ్డానికేం ఉండదు.

వకీలు పట్టా చేతికొచ్చిన రెండో ఏడు అలాంటి ఊరొకదానికి వెళ్లాను. పేరెందుకులెండి. ఊరికి కూతవేటు దూరంలో కంకర క్రషర్. రామాలయం అరుగు మీద జనం చేరారు. ఒకాయన దగ్గి చూపించాడు. ఒకామె బియ్యం డబ్బా తెచ్చి, మూత మీద వేలితో గీత గీసి చూపించింది. నాకు కోపం తన్నుకొచ్చింది. అక్కడే కూర్చుని అర్జీ రాశాను. అందులో వాక్యం ఒకటి ఇప్పటికీ గుర్తుంది: "సదరు క్రషర్ వలన ప్రజలు నానా ఇబ్బందులు పడుతున్నారు కావున తమరు దయతలచి తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన." కింద రెండు వందల పైచిలుకు సంతకాలు, వేలిముద్రలు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి, బయట మెట్ల మీద అందరం ఫొటో దిగి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

నెలన్నరకు జవాబొచ్చింది. రెండే రెండు వాక్యాలు. విచారణ జరిపించామనీ, సదరు క్రషర్‌కు అన్ని అనుమతులూ ఉన్నాయనీ.

ఆ జవాబు రాసినాయన్ని చాలాకాలం తిట్టుకున్నాను. తిట్టడం అయిపోయాక మెల్లగా ఒక సంగతి బుర్రకెక్కింది. ఆయన విచారించడానికి నేనిచ్చిందేముంది? నానా ఇబ్బందులు అంటే ఎన్ని? ఏ రోజున? ఏ వేళకి? అనుమతులు ఉన్నాయో లేవో నేనడగలేదు. ఆయన నేనడగని దానికి జవాబు చెప్పి ఫైలు మూసేశాడు. అబద్ధం కూడా కాదు, అనుమతులున్నాయి. ఆ అనుమతుల్లో ఏం రాసుందో మాత్రం నాకు తెలీదు, ఊరికి తెలీదు, బహుశా ఆయనకీ తెలీదు.

ఆ ఊళ్లోనే డ్వాక్రా సంఘాలకు పుస్తకాలు రాసే అమ్మాయి ఒకతె ఉండేది. ఇంటర్ దాకా చదివింది. నా అర్జీకి వచ్చిన జవాబు చదివి నవ్వి, "నేను కూడా ఒకటి రాస్తన్నానండీ, చూస్తారా" అని సగం వాడేసిన లెక్కల నోటు పుస్తకం తెచ్చింది. పొదుపు డబ్బు ఎవరు కట్టారు, ఏ రోజు కట్టారు, ఎవరెంత బాకీ అని రాయడం ఆమెకు అలవాటు. క్రషర్‌నీ అలాగే రాసింది, బాకీదారుని రాసినట్టు.

"3వ తేదీ, రాత్రి 11.20. మిషను ఆడతంది. నీళ్లు కొట్టట్లేదు. చూసింది నేను, మా అత్త."

"5వ తేదీ, పొద్దున 7. టిప్పర్లు 6 పోయినయ్. పట్టా కప్పింది ఒక్కదానికే."

"8వ తేదీ. వాన. దుమ్ము లేదు."

నాకు ఆ మూడోది నచ్చింది. దుమ్ము లేని రోజున లేదని రాసిన మనిషి, ఉన్న రోజున ఉందని రాస్తే ఎవరికైనా నమ్మాలనిపిస్తుంది. ఐదేళ్లు లా చదివి నేను రాయలేని అర్జీని ఆమె అప్పటికే రాసేసింది. అది అర్జీ అని ఆమెకు తెలియకపోవడమే లోటు.

ఈ అధ్యాయం అలాంటి వాళ్ల కోసం. మీరు లాయరు కానక్కర్లేదు, ఊరి పెద్ద కానక్కర్లేదు. మైకు ముందు మాట్లాడ్డం రాకపోతే మరీ మంచిది. ఊరి బాధకీ చట్టానికీ మధ్య నిలబడి రెండు భాషలూ మాట్లాడగలిగితే చాలు. ప్రపంచంలో చాలా చోట్ల ఈ పని ఇలాంటి వాళ్లే చేస్తున్నారు. సియెర్రా లియోన్‌లో అంతర్యుద్ధం ముగిసేనాటికి ఉన్న కొద్దిమంది లాయర్లూ దాదాపు అందరూ రాజధానిలోనే ఉండేవారు. పల్లెల్లో 2003 నుంచి పారాలీగల్స్ ఆ ఖాళీ పూడ్చారు. అక్కడి అనుభవంలోంచి పుట్టిన నమతి అనే సంస్థ మన దేశంలో సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌తో కలిసి గుజరాత్, కర్ణాటక తీరాల్లో స్థానికులకే పర్యావరణ చట్టాలు నేర్పించి పని చేయించింది. మన ప్రభుత్వ వ్యవస్థలోనూ దీనికి చోటుంది. జాతీయ న్యాయసేవల సంస్థ 2009లో పారాలీగల్ వలంటీర్ల పథకం పెట్టింది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి అడిగితే వివరాలు చెబుతారు.

అనుమతి ఊరి చేతిలో ఆయుధం

అనుమతి కాగితం అంటే యజమాని కాగితం అనుకుంటాం. ఆయన గోడకు తగిలించుకునేది, తనిఖీకొచ్చిన వాళ్లకు చూపించేది అని. ఒక్కసారి చేతిలోకి తీసుకుని చదవండి. మొదటి పేజీలో నాలుగు లైన్లు ఆయనకు హక్కులిస్తే, మిగతా పేజీలన్నీ ఆయన మెడకు చుట్టిన షరతులే. నీళ్లు చల్లాలి. దుమ్ము లేచే చోట్ల కప్పు వేయాలి. గాలికి అడ్డుగోడ కట్టాలి. ఆవరణలో దారులు గట్టిపరచాలి. చుట్టూ చెట్లు పెంచాలి. ఇవి ఎవరో దయతలచి రాసినవి కావు, కంకర క్రషర్లకు కేంద్రం పెట్టిన నిబంధనల్లోనే ఉన్నాయి. క్రషర్ నుంచి 40 మీటర్ల దూరంలో గాలిలో కలిసే దుమ్ము ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటకూడదన్న లెక్క కూడా అందులో ఉంది.

కాబట్టి "క్రషర్ మూసేయండి" అన్న అర్జీకి "అనుమతులున్నాయి" అని జవాబు రాయడం తేలిక. "అనుమతిలోని 9వ షరతు ప్రకారం నీళ్లు చల్లాలి, ఫలానా ఏడు తేదీల్లో చల్లలేదు, చూసినవాళ్లు వీరు" అన్న అర్జీకి ఆ జవాబు అతకదు. ఎవరో ఒకరు జీపెక్కి రావాల్సిందే. నేను నేర్చుకున్నదంతా దాదాపు ఇంతే. షరతుకీ జరుగుతున్నదానికీ మధ్య ఎంత ఎడముందో కొలిచి, ఆ కొలత మీద తేదీ వెయ్యడం.

ఏ కాగితాలు కావాలో తేల్చుకుందాం. పరిశ్రమ కట్టడానికి ముందు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చేది సీఎఫ్ఈ, నడపడానికి ఇచ్చేది సీఎఫ్ఓ. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద ఇస్తారు. రాయి తవ్వే క్వారీకి వీటితోపాటు పర్యావరణ అనుమతి, అంటే ఈసీ కావాలి. అది 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్ కింద వస్తుంది. ఊళ్లో వాళ్లకు క్వారీ, క్రషర్ రెండూ ఒకటే శబ్దం, ఒకటే దుమ్ము. కాగితాల్లో రెండు వేర్వేరు ప్రాణులు. యజమాని ఒక్కడే అయినా ఫైళ్లు రెండు. ఇది కలగాపులగం చేసి రాసిన అర్జీ రెండు ఆఫీసుల మధ్య బంతిలా తిరుగుతుంది. నావి చాలానే తిరిగాయి.

ఈసీ వస్తే యజమాని రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. కాపీ పంచాయతీకి పంపాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు నోటీసు బోర్డులో పెట్టాలి. అందుకే ముందు పంచాయతీ ఆఫీసుకే వెళ్లండి. బీరువాలో, పాత కరెంటు బిల్లుల కింద, నేను రెండు ఊళ్లలో చూశాను. షరతులు ఎలా అమలు చేస్తున్నదీ యజమాని ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలో "నాటిన మొక్కలు" అన్న అంకె చూసి, చుట్టూ ఒకసారి నడిచి రండి. నేను చెప్పను, మీరే లెక్కపెట్టుకోండి.

దొరకని కాగితానికి సమాచార హక్కు చట్టం ఉంది. మన దగ్గర గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. అందరూ చేసే తప్పు "ఎందుకు" అని అడగడం. "క్రషర్‌పై ఎందుకు చర్య తీసుకోలేదు?" అంటే "ఇది సమాచారం కిందకు రాదు" అంటారు. కాగితాన్నే అడగండి. ఈ వాక్యం అలాగే ఎత్తి రాసుకోవచ్చు: "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులోని స్టోన్ క్రషర్‌కు జారీ చేసిన సీఎఫ్ఈ, సీఎఫ్ఓ ఉత్తర్వులు, గత రెండేళ్లలో అక్కడ జరిపిన తనిఖీల నివేదికలు, యాజమాన్యానికి ఇచ్చిన నోటీసులు, వీటి ధ్రువీకృత నకళ్లు ఇప్పించగలరు." అంతే. 30 రోజుల గడువు. రాకపోతే మరో 30 రోజుల్లో పైఅధికారికి మొదటి అప్పీలు. ఫైలు స్వయంగా చూస్తామని అడిగే హక్కు కూడా ఉంది. వీలైతే అదే చెయ్యండి. ఫైలు చూస్తుంటే మీరడగడానికి తోచని కాగితాలు కూడా కనబడతాయి.

నోటు పుస్తకం ఎలా రాయాలి

కుట్టిన పుస్తకం కొనండి. పేజీలు ఊడేది వద్దు. ప్రతి నమోదుకీ తేదీ, వేళ, చోటు, చూసినవాళ్ల పేరు. "భరించలేని దుమ్ము" అని రాయకండి. "మా వాకిలి నుంచి రోడ్డవతల కరెంటు స్తంభం కనబడలేదు" అని రాయండి. ఫొటో తీస్తే అందులో కదలని గుర్తు ఒకటి ఉండాలి. స్తంభం నంబరు, మైలురాయి, బడి గోడ ఏదైనా సరే. ఉత్త దుమ్ము ఫొటో ఎక్కడిదైనా కావచ్చు.

శబ్దానికీ లెక్కలున్నాయి. 2000 నాటి నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రంటే పదింటి నుంచి ఆరింటి దాకా. ఫోన్‌లో యాప్ చూపించే అంకె కోర్టులో నిలవదు. కానీ "పదకొండు ఇరవైకి మిషను ఆడతంది" అన్న వాక్యం నిలుస్తుంది, దానికి డెసిబెల్స్ అక్కర్లేదు.

నీళ్ల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. రసాయన పరిశ్రమ పక్క ఊళ్లలో కుర్రాళ్లు సీసాలో ఎర్రనీళ్లు పట్టుకొచ్చి కలెక్టర్ టేబుల్ మీద పెడతారు. పేపర్లో ఫొటో వస్తుంది, కేసుకు పనికిరాదు. నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం నమూనా తీసేది మండలి అధికారి. యాజమాన్యానికి నోటీసిచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు పెట్టించి లేబొరేటరీకి పంపాలి. అలా తీసింది కాకపోతే అవతలి లాయరు ఒక్క ప్రశ్నతో ఎగరగొడతాడు. మరి మన సీసా దండగేనా? కాదు. అధికారిని రప్పించడానికి అది పనికొస్తుంది. అయితే సీసాని అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. తేదీ, వేళ, చోటు రాసిన చీటీ అంటించండి. అధికారి ఎప్పుడొచ్చాడో, ఎక్కడ ముంచాడో, అప్పుడు వదులుతున్నారో ఆపేశారో మీ పుస్తకంలో రాయండి. తనిఖీ రోజున మాత్రమే కాలువ తేటగా పారడం ఒక వింత. ఆ వింతకీ తేదీ ఉండాలి.

ఇక్కడే ఇంకో మాట, చేదుగా ఉన్నా చెప్పాలి. అతిగా చెప్పకండి. ఒక ఊరి అర్జీలో తొమ్మిది నిజాలు, చివర్లో "ఈ నీళ్ల వల్ల ఊళ్లో అందరికీ క్యాన్సర్ వస్తోంది" అని పదోది రాశారు. వైద్యాధికారి వచ్చి ఊళ్లో ఆ జబ్బు ఇద్దరికే ఉందని రాసుకెళ్లాడు. నివేదిక అంతా ఆ పదో వాక్యం మీదే నడిచింది. నిజంగా ఎండిపోయిన తొమ్మిది బోర్ల గురించి ఒక్క ముక్క లేదు. జబ్బుల గురించి రాయాలంటే ఆసుపత్రి ఓపీ చీటీలు దాచండి. చీటీ మీద ఉన్నదే రాయండి. దుమ్ముకీ దగ్గుకీ లంకె పెట్టేది డాక్టరు, మనం కాదు.

కాగితం మీద ఒక్క మాట

మనకు బాగా దగ్గరి కథలు రెండు చెబుతాను. రెంటిలోనూ ఊళ్లు పట్టుకున్నది ఒక్క మాటనే.

విశాఖ మన్యంలో బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ప్రైవేటు కంపెనీలకు ఖనిజ లీజులిచ్చారు. ఏజెన్సీ భూమి గిరిజనేతర వ్యక్తికి బదిలీ కాకూడదని 1959 నాటి రెగ్యులేషన్, 1970 సవరణ చెబుతాయి. మన్యంలో దాన్ని 1/70 అంటారు, చదువురానివాళ్లు కూడా. మరి ప్రభుత్వం తన భూమిని లీజుకిస్తే? చట్టంలోని "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం వస్తుందా రాదా అన్నదే అసలు పేచీ. సమత అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టులో ఓడింది, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న తీర్పొచ్చింది. ప్రభుత్వం కూడా ఆ మాటలో భాగమేనని, ఆ లీజులు చెల్లవని. కొండల్లో తిరిగి ఎవరి పొలం ఎక్కడుంది, ఎన్నాళ్లుగా దున్నుతున్నారు అని రాసుకొచ్చిన కార్యకర్తలు లేకపోతే ఆ మాటకు ప్రాణం లేదు. ఢిల్లీలో ఎంత పెద్ద లాయరున్నా వాదించడానికి భూమి ఉండాలి కదా.

రెండోది శ్రీకాకుళం జిల్లా సోంపేట. అక్కడి చిత్తడి నేలను జనం "బీల" అంటారు. చేపలు, నీళ్లు, పశువుల మేత, పక్క పొలాలకు తడి అన్నీ దాన్నుంచే. అక్కడ తలపెట్టిన థర్మల్ విద్యుత్ ప్లాంటు కాగితాల్లో అది ఎందుకూ పనికిరాని భూమి. 2009 చివర్లో పర్యావరణ అనుమతి కూడా వచ్చేసింది. స్థానిక పర్యావరణ పరిరక్షణ సంఘం, మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ వంటివాళ్లు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీకి వెళ్లారు. 2010 జూలై 14న బీలలో పోలీసు కాల్పులు జరిగి మనుషులు పోయారు. అదే రోజు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ రెండు సంగతులూ ఒకే తేదీన పక్కపక్కన ఉండటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ ఉత్తర్వు ఒక్క రోజు ముందొస్తే?

సోంపేట సంగతి ఇక్కడ ఎత్తడానికి కారణం ప్రజాభిప్రాయ సేకరణ. పరిశ్రమ ఇంకా రాకముందు ఊరికున్న పెద్ద అవకాశం అది. దాన్ని మనం ఎక్కువగా అరుపులతో, కుర్చీలు విసరడంతో పోగొట్టుకుంటాం. 30 రోజుల ముందు నోటీసివ్వాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో మినిట్స్ అక్కడికక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఈ చివరి మెట్టు దగ్గర అందరూ బస్సుల కోసం వెళ్లిపోయి ఉంటారు. మీరు వెళ్లకండి. "రైతులు హర్షం వ్యక్తం చేశారు" అన్న వాక్యం పుట్టేది అప్పుడే. మాట్లాడింది కాగితం మీద కూడా రాసి ఇవ్వండి. నోటి మాట నమోదు కాకపోయినా రాతకు రసీదు ఉంటుంది. "ఇది బంజరు అని 12వ పేజీలో ఉంది, ఇక్కడ ఫలానా సర్వే నంబర్లలో ఏటా వరి పండుతుంది, అడంగల్ జత చేశాం" అన్నది అరుపు కంటే చాలా దూరం వినబడుతుంది.

ఎక్కడికి వెళ్లాలి, ఎప్పటిలోగా

మొదట కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం. క్వారీ అయితే గనుల శాఖ. బోర్లు, ఇసుక అయితే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, తహసీల్దారు దగ్గరకెళ్లొచ్చు. లాయర్లు కూడా మర్చిపోయే దారి ఇంకోటుంది. ఆర్డీవో గారు రెవెన్యూ అధికారే కాదు, మేజిస్ట్రేట్ కూడా. ప్రజలందరికీ కలిగే ఇబ్బందిని తొలగించమని ఆదేశించే అధికారం ఆయనకుంది. పాత సీఆర్పీసీలో 133వ సెక్షన్, 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 152. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వీధి జనం మురుగు కాలువల కంపు, సారా ఫ్యాక్టరీ వ్యర్థాలు భరించలేక ఈ సెక్షన్ కిందే మేజిస్ట్రేట్ దగ్గరకెళ్లారు. మున్సిపాలిటీ డబ్బుల్లేవంది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ డబ్బుల్లేవన్న సాకు చెల్లదని తేల్చేశారు. మొదలైంది ఒక వీధి వాళ్ల ఫిర్యాదుతో.

ఇవేవీ కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్. మనకు చెన్నై బెంచి. మామూలు దరఖాస్తుకు 1000 రూపాయలు. పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అది లేదు. లాయరు కావాలంటే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఆదాయంతో నిమిత్తం లేకుండా.

ట్రిబ్యునల్ దగ్గర ఎన్ని ఊళ్లు బోర్లా పడ్డాయో! గడువు దాటిపోయి. వివాదం మొదలైన నాటి నుంచి 6 నెలలు. పరిహారానికి 5 ఏళ్లు. అనుమతి మీద అప్పీలుకైతే 30 రోజులే. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులిస్తారు, అంతే. ఎమ్మెల్యే గారు మాట్లాడతానన్నారు, పండగ వెళ్లాక చూద్దామన్నారు, ఎన్నికలయ్యాక అన్నారు... ఈలోపు 6 నెలలు ఇట్టే అయిపోతాయి. అందుకే నోటు పుస్తకం లోపలి అట్ట మీద, ఈ మూడు అంకెలు ఎర్ర సిరాతో రాసి పెట్టమంటాను.

గడువులోపల వెళ్లినా ముగింపు ఎప్పుడో చెప్పలేం. పటాన్‌చెరు చూడండి. పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులోకి, పొలాల్లోకి పారుతున్నాయని సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. 2001లో హైకోర్టుకు పంపారు. 2013లో హరిత ట్రిబ్యునల్‌కు. 2017లో గానీ అక్కడ ముగియలేదు. ఈ మధ్యలో, 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకొస్తున్న నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ప్రపంచమంతా అదిరింది. కానీ ఆ ఊళ్లు అప్పటికి పదిహేడేళ్లుగా అదే మాట చెబుతున్నాయి. డాక్టర్ కిషన్ రావు లాంటి స్థానిక వైద్యులు రోగుల్ని చూస్తూనే కోర్టుల చుట్టూ తిరిగారు. పటాన్‌చెరు నుంచి నేను తీసుకున్న పాఠం పని గురించే. 27 ఏళ్ల కేసుకు కాగితాలు కాపాడే మనిషి కావాలి. ఫైళ్లు ఒకరింట్లోనే పెట్టకండి. మూడు చోట్ల, మూడు ప్రతులు. ఒకటి ఊరి బయట.

ఊరు ఒక్కటిగా ఉండదు

పుస్తకాల్లో ఊరంటే ఒక్క గొంతు. నిజంలో క్రషర్‌లో టిప్పర్ నడిపేది మీ బావమరిది. గుడి ప్రహరీకి కంకర ఊరికే తోలించింది క్రషర్ యజమాని. దుమ్ము ఎక్కువ మింగేది మిషను పక్కన పనిచేసే ఒడిశా కుర్రాడు, వాడి పేరు మీ అర్జీలో ఉండదు, వాడికి మీ మీద కోపం కూడా, పని పోతుందని. నోటు పుస్తకం అమ్మాయి మీద మొదట ఒత్తిడి వచ్చింది క్రషర్ నుంచి కాదు, అత్తింటి నుంచి. "మనకెందుకే, నలుగురితో పాటే" అన్నాడట మామగారు. ఆమె వాదించలేదు. రాయడం మానలేదు, అంతే.

దీనికి నా దగ్గర మంత్రం లేదు. రెండు మూడు అలవాట్లు చెప్పగలను. ఒక్కరే ఎప్పుడూ ఆవరణ దగ్గరకు పోవద్దు, గేటు దాటి అసలే పోవద్దు. పంచాయతీ రోడ్డు మీద నుంచి కనబడేదే రాయండి. ఊళ్లో ఎవరి దగ్గరా, అవతలి వాళ్ల దగ్గరా రూపాయి తీసుకోవద్దు. బస్సు చార్జీలకు కూడా లెక్క రాసి పెట్టండి. "ఊరికి బోరు వేయిస్తాం, ఇంతటితో ఆపండి" అని కబురొస్తుంది, తప్పకుండా వస్తుంది. వద్దనమని నేను చెప్పను, ఎండాకాలం బిందె మోసేది నేను కాదు. బోరు కావాలో వద్దో ఊరు గ్రామసభలో తేల్చుకోవాలి. అయితే అది ఫిర్యాదుకు బదులు కాదని తీర్మానంలో రాయించండి. ఇక అర్జీలో "మూసేయండి" బదులు "షరతులు అమలు చేయించండి" అని రాస్తే బావమరిదితో అన్నం దగ్గర మాట్లాడుకోవచ్చు. నీళ్లు చల్లితే దుమ్ము వాడికీ తగ్గుతుంది. అన్ని చోట్లా ఇది సరిపోదు, సోంపేటలో సరిపోయేది కాదు. అసలు రావాలా వద్దా అన్న ప్రశ్న వేరు, వచ్చినదాన్ని దారిలో పెట్టే పని వేరు. ముందు మీది ఏదో తేల్చుకోండి.

మా రెండో అర్జీ ఒక్క పేజీ. నాలుగు షరతులు, తొమ్మిది తేదీలు, ఆరుగురు సాక్షులు, నోటు పుస్తకం జిరాక్సు. దయతలచడాలు, ప్రార్థనలు లేవు. తనిఖీకి వచ్చారు, నోటీసిచ్చారు, నీళ్లు చల్లే గొట్టాలు పడ్డాయి, రాత్రి ఆట ఆగింది. నాలుగు నెలలకు రాత్రిపూట మళ్లీ మొదలైంది. ఆమె మళ్లీ రాసింది. నేను మూడో అర్జీ తయారు చేస్తానన్నాను. "నేను రాశానండీ, మీరు చూసి చెప్పండి చాలు" అంది. దిద్దడానికి ఒక్క అక్షరదోషం దొరికింది.

ఆ మూడోదాన్ని ఇవ్వడానికి ఇద్దరం కలిసే వెళ్లాం. ఇన్‌వార్డు సెక్షన్‌లో పెద్దాయన కాగితం తీసుకున్నాడు, మన ప్రతి మీద ముద్ర గుద్దాడు, పక్కకు తోశాడు. నేను మడిచి సంచిలో పెట్టబోయాను. ఆ అమ్మాయి నా చేతిలోంచి తీసుకుని, కిటికీ వెలుతురులో పెట్టి చూసి, వెనక్కి ఇచ్చింది.

"సార్, మీ ముద్ర మీద నిన్నటి తేదీ ఉంది."

"ఒక్క రోజుకేముందమ్మా."

"ఇవాల్టిది వెయ్యండి సార్."

ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. సొరుగు లాగి గుండుసూది తీసి, దాని మొనతో రబ్బరు ముద్ర చక్రాన్ని ఒక పన్ను ముందుకు తిప్పాడు.